కొన్న బిస్కెట్లకు పండుగ ముస్తాబు: క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా పిల్లలతో చేయించే పద్ధతి

ఓవెన్ లేని ఇంట్లో కూడా పిల్లలతో పండుగ కుకీలు చేయించవచ్చు. ఓవెన్ ఉన్న ఇంట్లో అయినా, నన్నడిగితే, బిస్కెట్లు కొనుక్కొచ్చి చేయించడమే మేలు. వెన్న తూచడం, పిండి కలపడం, వేడి ట్రే బయటికి తీయడం అన్నీ పెద్దవాళ్ల పనులే. అంతసేపూ పిల్లలు పక్కన నిలబడి "అయిందా అమ్మా? అయిందా?" అని అడుగుతూ ఉంటారు. తీరా అలంకరించే వేళకి మీకు ఓపిక ఉండదు, వాళ్లకి ఆసక్తి ఉండదు. కొన్న బిస్కెట్‌తో మొదలుపెడితే పిల్లలు చేయగలిగిన పని మాత్రమే మిగులుతుంది, అదంతా వాళ్లదే అవుతుంది. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ నేను చూసుకున్నది ఇదొక్కటే: మీ పని ముందు రోజు రాత్రికి పూర్తవ్వాలి, మర్నాడు బిస్కెట్ మీద పడేది పిల్లల చేయే కావాలి.

దీనికి మనకు మంచి కాలం కూడా కలిసొస్తుంది. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది, వాకిళ్లలో ముగ్గులు పెద్దవవుతాయి. అప్పటికే క్రైస్తవుల ఇళ్ల ముందు కాగితం నక్షత్రాలు వేలాడుతుంటాయి. మిషనరీ స్కూళ్లకు క్రిస్మస్‌కి, మిగతావాటికి సంక్రాంతికి సెలవులు. గాలిలో తేమ తక్కువ కాబట్టి ఐసింగ్, అంటే బిస్కెట్ మీద గీసే చక్కెర ముద్ద, త్వరగా ఆరుతుంది. అదే వానాకాలంలో చేస్తే రాత్రంతా ఉంచినా వేలికి అంటుకుంటూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ వైపు చలికాలంలోనూ కొంత తేమ ఉంటుంది కాబట్టి ఆరే సమయం ఇంకో రెండు మూడు గంటలు ఎక్కువ వేసుకోండి.

బిస్కెట్ ఏది?

మొదటి ఓటు మేరీకే. గుండ్రంగా, చదునుగా ఉంటుంది, తీపి తక్కువ, కాబట్టి పైన చక్కెర వేసినా వెగటు పుట్టదు. ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది. పిల్లలకు చెప్పుకోవడానికి చిన్న కథ కూడా ఉంది: 1874లో రష్యా రాకుమారి మరియాకు ఇంగ్లండు రాకుమారుడితో పెళ్లయినప్పుడు లండన్‌లోని ఒక బిస్కెట్ కంపెనీ ఆమె పేరుమీద దీన్ని చేసింది. పెళ్లి బిస్కెట్‌కి మళ్లీ పండుగ ముస్తాబు చేస్తున్నామని చెప్తే ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ ఉత్సాహపడతారు.

మేరీతో ఒక ఇబ్బంది ఉంది. అందులో కొవ్వు తక్కువ, అందుకే తడిని ఇట్టే పీల్చుకుంటుంది. పల్చటి ఐసింగ్ వేస్తే గంటలో మెత్తబడి నడుమ కుంగుతుంది. దానికి రెండు దారులు: ఐసింగ్ చిక్కగా చేయడం, లేదంటే ముందు పలుచగా చాక్లెట్ పూత వేసి దాని మీద గీయడం. రెండూ కింద వివరంగా చెప్తాను.

పార్లే-జి లాంటి దీర్ఘచతురస్రం బిస్కెట్లు ఇల్లు, పాక కట్టడానికి పనికొస్తాయి. వాటి మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి గీయాలంటే బోర్లించి వెనక వైపు వాడండి. ఓరియో లాంటి క్రీమ్ బిస్కెట్లు చాక్లెట్‌లో ముంచడానికి బాగుంటాయి. లిటిల్ హార్ట్స్ చిన్న చెవులుగా, రెక్కలుగా అతికించడానికి చక్కగా సరిపోతాయి. జీడిపప్పు బిస్కెట్లు, డైజెస్టివ్ రకాలు పైన గరుకుగా ఉంటాయి, గీత నిలవదు. ఉస్మానియాను మాత్రం వదిలేయండి. అందులో ఉప్పూ వెన్నా రెండూ ఎక్కువే, పిల్లల వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. దాని చోటు చాయ్ పక్కనే.

ప్యాకెట్‌ని ఆ రోజే విప్పండి. ముందు రోజు విప్పి గాలికి వదిలేసిన బిస్కెట్ ఐసింగ్ తగలకముందే మెత్తబడిపోతుంది. ఒక్కో పిల్లకి ఎనిమిది బిస్కెట్లు లెక్క వేసుకుని, విరిగేవాటికి, తినేసేవాటికి ఇంకో నాలుగు కలపండి. తినేస్తారు, అది ఖాయం.

పైన చల్లడానికి ఏమేం

కేకు సామాన్ల షాపుకే పరిగెత్తక్కర్లేదు. కిళ్లీ కొట్లో దొరికే రంగురంగుల సోంపు మిఠాయి క్రిస్మస్ చెట్టుకి దీపాలవుతుంది. ఎండుకొబ్బరి తురుము మంచు, సాంటా తాత గడ్డం కూడా. తెల్ల నువ్వులు సంక్రాంతికి ఎలాగూ ఇంట్లో ఉంటాయి. టూటీఫ్రూటీ, కర్బూజ గింజలు, జీడిపప్పు బద్దలు, జెమ్స్ బిళ్లలు, వెండి రేకు. ఇవి చాలు, ఇంతకంటే ఎక్కువ పెడితే పిల్లలు ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేరు.

నాలుగేళ్లు నిండని పిల్లలు ఉంటే జెమ్స్, గట్టి వెండి పూసలు, పప్పు బద్దలు వాళ్ల పళ్లెంలో పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకి కొబ్బరి తురుము, నువ్వులు, పొడి చేసిన బిస్కెట్ ఇవ్వండి. వచ్చే పిల్లల్లో ఎవరికైనా వేరుశనగ, జీడిపప్పు పడవేమో వాళ్ల అమ్మానాన్నల్ని ముందే అడగండి. అలంకరణ సామాన్ల షాపుల్లో మెరుపుల పొడి అమ్ముతారు. దాని డబ్బా మీద తినదగినదని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. చూడటానికి మాత్రమే అని రాసి ఉన్నది బిస్కెట్ దగ్గరికి రాకూడదు.

శాకాహారం పాటించే ఇళ్లవాళ్లు ఆకుపచ్చ చుక్క చూసుకుంటే సరిపోతుంది, గుడ్డు ఉన్నవాటికి ఆ చుక్క ఉండదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆ సౌకర్యం లేదు. అక్కడ మార్ష్‌మాలోల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్, ఎర్ర రంగు చిమ్కీల్లో పురుగుల నుంచి తీసే కార్మైన్, నిగనిగలాడే బిళ్లల మీద లక్క పూత ఉండొచ్చు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి కొనుక్కోండి.

ముందు రోజు రాత్రి: రంగులు

రంగుల దగ్గర నేను రాజీపడను. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం రంగు పీచు మిఠాయిని నిషేధించింది, పరీక్షల్లో రోడమిన్-బి బయటపడటం వల్ల. అది బట్టలకు వేసే అద్దకం రంగు. మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. సీసా కొనేటప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు చూడండి. పొట్లం కట్టి ఇచ్చే విడి రంగు పొడులు ఎంత చవకైనా వద్దు. నీళ్ల రంగు కంటే జెల్ రంగు మంచిది, ఎందుకంటే అగ్గిపుల్ల మొనతో తీసినంత చాలు, ఐసింగ్ పలుచబడదు.

వంటింటి రంగులతోనే పని నడిపించాలంటే ఇలా:

గులాబీ రంగుకి బీట్‌రూట్ తురిమి గుడ్డలో పిండండి. రసాన్ని గిన్నెలో సన్న సెగ మీద సగమయ్యేదాకా మరిగించి చల్లార్చండి. మరిగిస్తే చిక్కబడుతుంది, కొద్ది చుక్కలకే రంగు వస్తుంది. పసుపు రంగుకి పసుపే, కానీ చిటికెడులో సగం. అంతకు మించితే వాసన తెలిసిపోతుంది. గోధుమరంగుకి కోకో పొడి. నీలానికి శంఖపుష్పాలు: పది పూల రేకులు మూడు టేబుల్ స్పూన్ల వేడి నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి వడకట్టండి. అందులోనే కొంచెం పసుపు కలిపితే ఆకుపచ్చ.

ఈ శంఖపుష్పం నీళ్ల దగ్గర పిల్లల్ని కాసేపు ఆపండి. గాజు గ్లాసులో కొద్దిగా పోసి, నిమ్మకాయ చెక్క వాళ్ల చేతికిచ్చి ఒక్క చుక్క పిండమనండి. నీలం కాస్తా కళ్లముందే ఊదా రంగులోకి తిరుగుతుంది. ఆ పూల రంగు పులుపు తగిలితే మారుతుంది. ఇందులో మనకు పనికొచ్చే సంగతి కూడా ఉంది: నీలం కావాలంటే ఆ గిన్నెలోని ఐసింగ్‌కి నిమ్మరసం కలపకూడదు, ఊదా కావాలంటే కలపాలి. ఎందుకో పిల్లలే చెప్తారు.

సాంటా తాత టోపీకి కావలసిన ముదురు ఎరుపు మాత్రం బీట్‌రూట్‌తో రాదు, గులాబీ దగ్గరే ఆగిపోతుంది. అది తప్పదనుకుంటే జెల్ రంగు వాడి రాత్రే కలిపి మూతపెట్టండి. ఎరుపు నిలవ ఉన్నకొద్దీ ముదురుతుంది. కలపగానే లేతగా ఉందని ఇంకా ఇంకా వేయకండి, చేదెక్కుతుంది.

ఐసింగ్ కలపడం

పనంతా దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి నిదానంగా చదవండి.

షాపులో దొరికే ఐసింగ్ షుగర్ 200 గ్రాములు తీసుకోండి. ఇంట్లోనే చేయాలంటే 200 గ్రాముల పంచదారకి ఒక టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్ కలిపి మిక్సీలో ఆగి ఆగి తిప్పండి. గడ్డకట్టకుండా ఉండటానికే కార్న్‌ఫ్లోర్. మిక్సీ ఆపగానే మూత తీస్తే చక్కెర పొగలా లేస్తుంది, రెండు నిమిషాలు ఆగి తీయండి. సన్న జల్లెడలో రెండుసార్లు పట్టండి. ఒక్క పలుకు మిగిలినా కోన్ మొనలో అడ్డుపడుతుంది, గీస్తున్న పిల్లవాడు బలంగా నొక్కుతాడు, అడ్డం ఊడి కుప్పగా పడుతుంది, బొమ్మ పాడై ఏడుపు మొదలవుతుంది. జల్లెడ పట్టే ఐదు నిమిషాలు ఆ ఏడుపుని ఆపుతాయి.

ఇందులో కాచి చల్లార్చిన పాలు గానీ నీళ్లు గానీ ఐదు టీ స్పూన్లు పోసి కలపండి. మొదట పొడిపొడిగా, అస్సలు కలవదన్నట్టు ఉంటుంది. కంగారుపడి ఇంకా పోయకండి. స్పూనుతో గిన్నె అంచుకి రాస్తూ రెండు నిమిషాలు కలిపితే మెత్తగా, నిగారింపుగా వస్తుంది. శంఖపుష్పం నీలం వాడబోవడం లేదంటే నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి, తీపి కాస్త విరుగుతుంది. ఎక్కువ రోజులు నిలవ ఉంచాలంటే పాలు వద్దు, నీళ్లే.

పచ్చి గుడ్డు తెల్లసొనతో చేసే ఐసింగ్ గట్టిగా ఆరుతుంది, నిజమే. కానీ ఇక్కడ చేసేదీ, వేళ్లు నాకేదీ చిన్నపిల్లలు. పచ్చి గుడ్డులో జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఉండే అవకాశం ఉన్నప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు పాకం చూసే పద్ధతి. స్పూనుతో కొంచెం ఎత్తి తిరిగి గిన్నెలోకే జారవిడవండి. పడిన తీగ పైన గీతలా కనపడి, నెమ్మదిగా కలిసిపోతుంది. అది కనపడకుండా పోవడానికి పట్టే సెకన్లు పిల్లల్ని గట్టిగా లెక్కపెట్టమనండి.

20 దాటినా నిలిచి ఉంటే అది గీతల ఐసింగ్. అంచు గీయడానికి, ముగ్గుకి, అతికించడానికి ఇదే.

10 నుంచి 15 మధ్య కలిసిపోతే అది నింపే ఐసింగ్. అంచు గీసిన చోట లోపల పోస్తే తనంతట తానే సర్దుకుని నున్నగా పరుచుకుంటుంది.

5 లోపే కలిసిపోతే పలుచబడింది. ఒక స్పూను చక్కెర పొడి కలిపి మళ్లీ లెక్కపెట్టండి.

ముందు మొత్తం గీతల పాకంలోనే కలుపుకోండి. మూడో వంతు తీసి పక్కన పెట్టి, మిగిలినదానికి అర టీ స్పూను చొప్పున నీళ్లు చేర్చుకుంటూ నింపే పాకానికి తెచ్చుకోండి. రంగులు వేరు చేసేది ఆ తర్వాతే. 200 గ్రాములతో సుమారు ఇరవై మేరీలు అవుతాయి. నాలుగు రంగులు మించొద్దు, తెలుపుతో కలిపి. గిన్నెల మీద తడి గుడ్డ కప్పి ఉంచండి, పది నిమిషాలు గాలి తగిలినా పైన పొర కడుతుంది.

కోన్

గోరింటాకు కోన్ పట్టిన చేతికి ఇది కొత్త పని కాదు. అయితే గోరింటాకు కోన్లకి వాడే ప్లాస్టిక్ తిండికి పనికిరాదు, వాడేసినవాటిని కడిగి వాడటం అసలే వద్దు. కేకు సామాన్ల షాపులో పైపింగ్ బ్యాగులు చవకే. లేకపోతే మందపాటి జిప్ కవరు ఒక మూల వాడుకోండి. బటర్ పేపర్‌తో చుట్టే కోన్ అందంగా ఉంటుంది కానీ పిల్లల పిడికిట్లో పగిలిపోతుంది, పదేళ్లు దాటినవాళ్లకే ఇవ్వండి. చుట్టాక టేపు వేయండి, స్టేప్లర్ పిన్ను కొట్టొద్దు.

కోన్‌ని గ్లాసులో నిలబెట్టి అంచులు బయటికి మడిచి, సగం వరకే నింపండి. నిండుగా నింపితే నొక్కినప్పుడు పై నుంచి పొంగి మోచేతులదాకా కారుతుంది. గాలి కిందికి నెట్టేసి, పైన మెలితిప్పి రబ్బరు బ్యాండు గట్టిగా వేయండి. మొన కత్తిరించేది అన్నిటికంటే చివర్న. గీతలకు అగ్గిపుల్ల లావు కంటే సన్నగా, నింపడానికి దానికి రెట్టింపు. మొదట తక్కువే కత్తిరించండి, చాలకపోతే ఇంకొంచెం తీయొచ్చు.

పిల్లలకి నేర్పాల్సినవి రెండే. రబ్బరు బ్యాండు దగ్గర అరచేత్తో నొక్కాలి, నడుమ కాదు. మొన బిస్కెట్‌కి ఆనించి రాయకూడదు, వేలెడు కాదు గానీ ఒక సెంటీమీటరు పైకి ఎత్తి పట్టుకుంటే తీగ జారుతుంది, ఆ తీగని కావలసిన చోట పడుకోబెట్టాలి. గీత ఆపేముందు నొక్కడం ఆపి, ఆ తర్వాత చేయి ఎత్తాలి. ఇది మొదట బటర్ పేపర్ మీదో, పళ్లెం వెనకో పది గీతలు గీయించండి. అక్కడ గీసిన ఐసింగ్ స్పూనుతో తీసి మళ్లీ కోన్‌లో వేసుకోవచ్చు, వృథా కాదు.

చాక్లెట్ పూత

కాంపౌండ్ చాక్లెట్ కొనండి. అందులో కోకో వెన్నకి బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది, కరిగించి చల్లార్చితే తానే గట్టిపడుతుంది. అసలు చాక్లెట్‌కి వేడి లెక్కలు చూసుకోవాలి, లేకపోతే తెల్లమచ్చలు పడుతుంది, ఈ పనికి అంత శ్రమ అనవసరం. ముక్కలు చేసి, మరిగి దింపిన నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ గట్టిగా ముద్దకడుతుంది, అందుకే స్పూను కూడా పొడిగా తుడవండి. పలుచగా కావాలంటే టీ స్పూను కొబ్బరి నూనె కలపాలి, పాలూ నీళ్లూ కాదు. తెల్ల చాక్లెట్ త్వరగా మాడుతుంది, దగ్గరే ఉండండి. ఈ పని పూర్తిగా పెద్దవాళ్లదే. గోరువెచ్చగా అయ్యాక గిన్నె పిల్లల ముందుకి తెస్తే, బిస్కెట్ ముంచి తీసి బటర్ పేపర్ మీద పెట్టడం వాళ్ల పని. పైన చల్లేవి తడి ఉండగానే చల్లాలి.

కూర్చోబెట్టడం

పొద్దున టిఫిన్ తిన్నాక పదింటికి మొదలుపెట్టండి. ఆకలి మీద ఉన్న పిల్లలు అలంకరించరు, తింటారు. పైగా సాయంత్రానికల్లా ఆరతాయి.

డైనింగ్ టేబుల్ కంటే నేల మీద చాప మంచిది. ఒక్కొక్కరికీ అంచున్న స్టీలు పళ్లెం ఇచ్చి, బిస్కెట్ అందులోనే పెట్టి పని చేయమనండి. చల్లిన నువ్వులు, కొబ్బరి పళ్లెంలోనే పడతాయి, తిరిగి ఎత్తుకోవచ్చు. చల్లే సామాన్లకి గుంతపొంగనాల పెనం అద్భుతంగా సరిపోతుంది. ఒక్కో గుంతలో ఒక్కో రకం వేసి మధ్యలో పెడితే అందరికీ అందుతుంది, బరువుగా ఉంటుంది కాబట్టి ఒలకదు. ఇడ్లీ ప్లేట్ వాడకండి, చిల్లుల్లోంచి నువ్వులు కారిపోతాయి. పక్కన తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి.

రెండు మూడేళ్లవాళ్లకి మీరు ఐసింగ్ పూసి ఇవ్వండి, వాళ్లు చల్లుతారు. పది నిమిషాల్లో లేచిపోతారు, పోనివ్వండి. నాలుగైదేళ్లవాళ్లు అంచు గీసి ఉంటే లోపల స్పూనుతో నింపుతారు, అగ్గిపుల్లతో మూలలకి జరుపుతారు. ఆరు నుంచి ఎనిమిదేళ్లవాళ్లకి కోన్ ఇవ్వండి. ఆ పైవాళ్లకి పాకం కలిపే పని, సెకన్ల లెక్క, చిన్నవాళ్లకి అంచులు గీసిపెట్టే పని అప్పజెప్పండి. పెద్దమ్మాయి తమ్ముడికి అంచు గీసి ఇస్తే వాడు నింపడం, ఇద్దరి మధ్యా ఆ పది నిమిషాలు గొడవ లేకుండా గడవడం చూడముచ్చటగా ఉంటుంది.

ఇక్కడే మీకు అసలు పరీక్ష. గీత వంకరగా పోతే మీ చేయి దానంతట అదే ముందుకి వస్తుంది. వెనక్కి తీసుకోండి. మీరు సరిదిద్దిన బిస్కెట్‌ని ఆ పిల్ల మళ్లీ ముట్టుకోదు, "అది అమ్మ చేసింది" అంటుంది. ఐసింగ్ అంచు దాటి కారిపోతే, "మంచు కరుగుతోంది, దాని మీద కొబ్బరి చల్లుదామా?" అని అడగండి. నిర్ణయం వాళ్లదే. మీకు కోన్ పట్టాలని ఉంటే మీకూ ఒక పళ్లెం పెట్టుకుని మీ బిస్కెట్ మీరు చేసుకోండి, పిల్లలకి అదీ సరదాయే.

క్రిస్మస్ బొమ్మలు

దీపాల తీగ: అన్నిటికంటే తేలిక. తెల్లగా నింపిన మేరీ ఆరాక కోకో ఐసింగ్‌తో మెలికలు తిరిగిన గీత ఒకటి గీసి, దాని మీద సోంపు మిఠాయి గింజలు ఒక్కొక్కటే అతికించాలి. గీత ఎంత వంకర ఉంటే అంత బాగుంటుంది.

నక్షత్రం: పిల్లలకి చేయి ఎత్తకుండా గీసే ఐదు మొనల చుక్క ఎలాగూ వచ్చు. గీతల పాకంతో అదే గీయించి, లోపల పసుపు నింపి, కింద రెండు తోకలు వేలాడదీయమనండి.

సాంటా తాత: మేరీ పై మూడో వంతు ఎరుపు, కింది మూడో వంతు తెలుపు. మధ్యలో బిస్కెట్‌ని అలాగే వదిలేస్తే ముఖం రంగు దానిదే. తెలుపు తడిగా ఉండగానే కొబ్బరి తురుము అద్దితే గడ్డం. కళ్లకి చాక్లెట్ చుక్కలు, ముక్కుకి ఎర్ర జెమ్స్.

కొమ్ముల జింక: ఓరియోని చాక్లెట్‌లో ముంచి, తడి ఆరకముందే పైన రెండు జంతిక ముక్కలు గుచ్చినట్టు పెట్టండి. విరిగిన జంతికల్లో కొమ్ము ఆకారం వెతుక్కోవడం పిల్లలకి పెద్ద ఆట. ముక్కుకి ఎర్ర జెమ్స్. తీపిలో ఆ ఉప్పదనం తగిలితే పెద్దవాళ్లు కూడా ఇంకోటి అడుగుతారు.

పశువుల పాక: క్రైస్తవుల ఇళ్లలో పిల్లలు దీన్ని వెంటనే గుర్తుపడతారు. పార్లే-జి ఒకటి నేలగా పడుకోబెట్టి, రెండిటిని దాని మీద ఏటవాలుగా ఒకదానికొకటి ఆనించి చాక్లెట్‌తో అతికించండి. రెండు వైపులా గ్లాసులు ఆనించి పది నిమిషాలు కదపకండి. లోపల గడ్డికి కారం లేని సన్న పూస చల్లితే సరిగ్గా కుదురుతుంది. పదేళ్లు దాటిన పిల్లలుంటే మెదక్ చర్చి ఫొటో ముందు పెట్టి ఆ శిఖరాన్ని కట్టమనండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన గుడి అది, మధ్యలో ఒకే ఎత్తైన గోపురం, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఎన్ని బిస్కెట్లతో, ఎలా పేర్చాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

బిస్కెట్ మీద ముగ్గు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వేరే దేశం నుంచి వచ్చిన ఆచారాన్ని మన వాకిట్లోకి తెచ్చుకోవడానికి ఇంతకంటే సూటి దారి నాకు కనపడలేదు.

మేరీని డార్క్ చాక్లెట్‌లో ఒకవైపు ముంచి ఆరనివ్వండి. పేడనీళ్లు చల్లి ఆరిన వాకిలి రంగు వస్తుంది, దాని మీద తెల్ల ఐసింగ్ పిండి ముగ్గులాగే కనపడుతుంది. పూత వల్ల బిస్కెట్ మెత్తబడదు కూడా.

మేరీ మీద మూడు చుక్కలు మూడు వరుసలకి మించి పట్టవు. ముందు నడుమ చుక్క పెట్టించండి. దానికి నాలుగు వైపులా నాలుగు, తర్వాత మూలల్లో నాలుగు. ఈ వరుసలో పెడితే ముగ్గు పక్కకి ఒరగదు. ఎడమ నుంచి మొదలుపెట్టిన పిల్లలకి మూడో వరుసకి చోటు చాలదు. చుక్కలు పెట్టాక పావుగంట ఆగాలి. ఇది పిల్లలకి కష్టమే, కానీ తడి చుక్కకి తడి గీత తగిలితే రెండూ కలిసి మచ్చైపోతాయి. ఆ పావుగంటలో మెలిక ఎటు తిరగాలో కాగితం మీద పెన్సిల్‌తో వేసి చూసుకోమనండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఆ కాగితం వాళ్ల దగ్గరికి పంపండి. మెలికల ముగ్గులో గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి, ఏ చుక్కా బయట మిగలకూడదు. ఆ సంగతి చెప్పడానికి వాళ్లకంటే తెలిసినవాళ్లు ఉండరు.

గీసేటప్పుడు పళ్లెం తిప్పాలి, చేయి తిప్పకూడదు. చిన్నవాళ్లకి మెలిక కష్టమైతే చుక్కలు కలిపి నక్షత్రమో, నాలుగు రేకుల పువ్వో వేయించండి. గొబ్బెమ్మ కోసం నడుమ చుక్క మీద జీడిపప్పు బద్ద నిలబెట్టి, పసుపు ఐసింగ్‌తో బంతిపూల చుక్కలు చుట్టూ పెడితే భోగి నాటికి సిద్ధం. గాలిపటం ఇంకా సులువు: వాలుగా నిలబడ్డ నలుచదరం, అడ్డంగా నిలువుగా రెండు గీతలు, నాలుగు గదుల్లో రెండు రంగులు, తోక బిస్కెట్ అంచుదాకా.

ఆరబెట్టడం, చీమలు

చాక్లెట్ పావుగంటలో ఆరుతుంది, తొందరైతే ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. ఐసింగ్ వేసినవాటిని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి ఎరుపు తెలుపులోకి పాకుతుంది. ఫ్యాను కింద, ఒకదానికొకటి తగలకుండా, గీతలైతే రెండు మూడు గంటలు, నిండుగా నింపినవైతే ఆరు నుంచి ఎనిమిది గంటలు. పైన ఈగలు వాలకుండా దోమతెర గిన్నె మూత బోర్లించండి. ఎండలో పెట్టొద్దు, బీట్‌రూట్ రంగు వెలిసిపోతుంది.

చీమల సంగతి మన ఇళ్లలో చెప్పాల్సిందే. వెడల్పు బేసిన్‌లో అంగుళం నీళ్లు పోసి, మధ్యలో బోర్లించిన గిన్నె మీద పళ్లెం పెట్టండి. పళ్లెం అంచు బేసిన్‌కి తగలకూడదు, గోడకీ తగలకూడదు. చాప దులిపి, నేల తడిగుడ్డతో ఆ వెంటనే తుడవండి. తుడిచే పనిలో పిల్లల్ని కూడా కలపండి, రంగు మరకలు వాళ్లకే ముందు కనపడతాయి.

పంచడం

ఆరాక స్టీలు డబ్బాలో వరుసకీ వరుసకీ మధ్య బటర్ పేపర్ వేసి సర్దండి. చాక్లెట్‌వి, ఐసింగ్‌వి విడి డబ్బాల్లో పెట్టండి. జంతిక కొమ్ములున్నవాటిని పై వరుసలోనే ఉంచాలి. నీళ్ల ఐసింగ్ వేసినవి వారం దాకా కరకరలాడతాయి. పాలు కలిపినవీ, బీట్‌రూట్ లేదా పూల రంగు వేసినవీ రెండు రోజుల్లో తినేయండి. రోజూ రెండు చాలు, తిన్నాక నోరు పుక్కిలించమనండి.

క్రిస్మస్‌కి ఇంటింటికీ కేకు, గులాబీ పువ్వులు పంచే వాళ్లు ఆ పళ్లెంలోనే ఇవీ పెడితే బాగుంటుంది. సంక్రాంతికి అరిసెల డబ్బాతో పాటు ముగ్గు బిస్కెట్లు నాలుగు పంపండి. ఎవరి ఇంటికి ఏ బిస్కెట్ వెళ్లాలో పిల్లలే ఎంచాలి, గుమ్మం దాకా తీసుకెళ్లి చేతికిచ్చేదీ వాళ్లే. కోన్లలో ఐసింగ్ మిగిలితే మొనకి అగ్గిపుల్ల గుచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి, నీళ్లతో చేసినదైతే మూడు నాలుగు రోజులు ఉంటుంది. మళ్లీ వాడేముందు గది వేడికి వచ్చేదాకా ఆగి, కోన్‌ని వేళ్లతో మెదిపితే పాకం తిరిగి కుదురుతుంది.